నాలుగు వేళ్ళు

మలక్‌పేటలో మా అవ్వ ఇరవై రెండేండ్లు ఒకే ఇంట్లో పనిచేసింది. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి పట్నంలో ఇల్లు కట్టుకున్న భూస్వామి కుటుంబం వాళ్ళది. బాసన్లు తోముడుతో మొదలై, బట్టలుతుకుడు, చివరికి పిల్లల్ని సాకుడు దాకా వచ్చింది మా అవ్వ పని. ఆ ఇంటి హాల్లో ఒక పెద్ద ఫోటో వుండేది. బంగారు రంగు ఫ్రేము. బ్లాక్ అండ్ వైట్ ఫోటో. అందులో యేడాది పిల్లవాడు జరీ లాల్చీ వేసుకొని, తలకు టోపీ పెట్టుకొని, కుర్చీ మీద నిలబడి వుంటాడు. 1979లో వాడి పుట్టినరోజుకు స్టూడియోకు పోయి తీయించిన ఫోటో అది. దూరం నుంచి చూస్తే పిల్లవాడు ఒక్కడే. దగ్గరికి పోయి చూస్తే వాడి నడుము దగ్గర, జరీ అంచు మీద, నాలుగు వేళ్ళు, ఒక గాజు కనబడతయి. ఆ చెయ్యి మా అవ్వది.

ఆ పిల్లవాడు మా అవ్వ దగ్గర తప్ప ఎవరి దగ్గరా నిలబడకపోయేటోడు. తల్లి పట్టుకుంటే ఏడ్చిండు, నాయనమ్మ పట్టుకుంటే ఏడ్చిండు. ఫోటో తీసేటాయన విసిగిపోయి మా అవ్వను కుర్చీ వెనక నిలబెట్టిండు. తర్వాత ఫోటో పెద్దగా చేయించేటప్పుడు ఆమెను కోసేసిండ్రు. వేళ్ళు కూడా కోస్తే పిల్లవాడి నడుము పోతది. అందుకని వేళ్ళు మిగిలినయి.

ఈ వ్యాసం ఆ ఫోటో గురించి కాదు. 1805 నాటి ఒక తైలవర్ణ చిత్రం గురించి. అది హైదరాబాదు పిల్లలది. గీసింది ఇంగ్లీషువాడు. ఇప్పుడున్నది హాంకాంగ్ బ్యాంకు సొత్తుగా. దాని గురించి పెద్దపెద్ద వాళ్ళు రాశారు. నేను చరిత్రకారిణిని కాదు, చిత్రకళ చదువుకోలేదు. కానీ ఆ బొమ్మను నేను చూసింది మా అవ్వ వేళ్ళను చూసిన కళ్ళతోనే. ఆ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను. కళావిమర్శ రాసేవాళ్ళు తమ కళ్ళు ఏ వాడలో పెరిగాయో చెప్పరు. చెప్పకపోతే అవి అందరి కళ్ళు అయిపోతాయని వాళ్ళ ధీమా.

ముందు మా పేట సంగతి. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో పనిచేసిన మాలిక్ యాకూబ్ అనే సేవకుడి పేరు మీద మలక్‌పేట వచ్చిందంటారు. అది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, గర్వంగానూ వుంటుంది. నవాబుల పేర్లతో నిండిన ఈ వూళ్ళో ఒక నౌకరు పేరు బస్సు బోర్డు మీదికెక్కింది. మా పక్కనే మూసారాంబాగ్. అది రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పేరు. 'ముసే రేమండ్' జనం నోట్లో పడి మూసారాం అయ్యాడు. నిజాం దగ్గర ఫ్రెంచి పటాలం నడిపిన ఆ రేమండ్ 1798 మార్చిలో చచ్చిపోతే, మలక్‌పేట అవతల అస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి కట్టారు. అదే యేడు అక్టోబర్‌లో ఆ ఫ్రెంచి పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించినవాడు ఇంగ్లీషు రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. మా బొమ్మ కథ ఇతనితోనే మొదలవుతుంది.

మలక్‌పేట నుంచి చాదర్‌ఘాట్ వంతెన దాటితే కోఠి. ఆ కోఠి అనే మాటే కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం వల్ల వచ్చింది. 1949 నుంచి అందులో ఆడపిల్లల కాలేజీ నడిచింది. నేను 1988లో అక్కడ బీయేలో చేరాను. బస్సు చార్జీ మిగులుతదని చాలా రోజులు మూసీ కంపు పీల్చుకుంటూ వంతెన మీద నడిచే పోయేదాన్ని. ముందర పెద్ద పెద్ద స్తంభాలు, కింద రాతి సింహాలు. ఆ మెట్ల మీద కూర్చొని టిఫిన్ డబ్బాలు విప్పుకునేవాళ్ళం. వెనక ఎక్కడో జనానా వుండేదని, దొర తన బేగం కోసం రంగ్‌మహల్ కట్టించాడని, పరదా వల్ల ముందరికి రాలేని ఆమె చూసేందుకు ఈ భవనానికి చిన్న నమూనా చేయించి తోటలో పెట్టించాడని చెప్పుకునేవాళ్ళు. ఆడపిల్లలం కదా, ఆ ప్రేమకథ మాకు బాగా నచ్చేది. నాకూ నచ్చింది. అబద్ధమెందుకు.

కథ ఇదీ. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నత వంశపు పిల్ల ఖైరున్నిసాను పెళ్ళి చేసుకున్నాడు. 1801లో కొడుకు పుట్టాడు, సాహెబ్ ఆలం. 1802లో కూతురు, సాహెబ్ బేగం. తెల్లవాళ్ళ లెక్కలో ఇలాంటి పిల్లల్ని ఇంగ్లాండుకు పంపి ఇంగ్లీషువాళ్ళుగా పెంచితేనే బతుకు. తండ్రి అట్లాగే నిర్ణయించాడు. 1805లో నాలుగేండ్లు దాటిన కొడుకునీ, మూడేండ్లు దాటిన కూతుర్నీ తల్లి నుంచి విడదీసి మద్రాసుకు పంపారు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో వాళ్ళ బొమ్మ గీయించారు. గీసినవాడు జార్జ్ చిన్నరీ. 1774లో లండన్‌లో పుట్టి, రాయల్ అకాడమీలో నేర్చుకొని, 1802లో మద్రాసు చేరినవాడు. కంపెనీ దొరల బొమ్మలు గీసి పొట్టపోసుకునేవాడు.

పిల్లలు సెప్టెంబర్‌లో ఓడెక్కారు. అక్టోబర్ 15న తండ్రి కలకత్తాలో చచ్చిపోయాడు. మరుసటి యేడు మార్చిలో లండన్‌లో ఆ పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని పేర్లు పెట్టారు. తల్లి వాళ్ళను మళ్ళీ చూడలేదు. 1813లో ఇరవై యేడేండ్లకే పోయింది.

నేనీ బొమ్మను మొదట చూసింది విలియం డాల్‌రింపుల్ 2002లో అచ్చేసిన 'వైట్ మొఘల్స్' పుస్తకంలో, రంగుల పేజీల్లో. ఇద్దరు పిల్లలూ మెట్ల మీద నిలబడి వుంటారు. వెనక చీకటి రంగు పరదా. పిల్లవాడు ఎర్రటి జామా తొడుక్కున్నాడు. దానికి బంగారు జరీ. నడుముకు కమర్‌బంద్, తలకు మెరిసే టోపీ, మెడలో ముత్యాల దండలు, కాళ్ళకు కొన తిరిగిన జోళ్ళు. హైదరాబాదు దర్బారుకు పోయే చిన్న నవాబు. మనవైపు తిన్నగా చూస్తున్నాడు. భయం లేదు. చెల్లె అట్లా కాదు. అన్నను ఆనుకొని వుంది. కళ్ళు కిందికి దించింది. మొఖం ఏడ్చి ఏడ్చి వుబ్బినట్టు వుంటుంది. రంగులు వాడటంలో చిన్నరీ గట్టివాడే. జరీ మీద వెలుగు పడిన తీరు, ఆ నల్లటి తెర ముందు చిన్న మొఖాలు రెండూ లేచి వచ్చిన తీరు చూస్తే చెయ్యి తిరిగినవాడని నాలాంటిదానికి కూడా తెలుస్తుంది. పిల్లవాడిది చామనచాయ, పిల్లది తెలుపు, జుట్టులో కొంచెం ఎరుపు. రాసినవాళ్ళు ఈ రంగు సంగతి తప్పకుండా రాస్తారు. రంగు కొలవడం వాళ్ళకు అలవాటు, మనకు అనుభవం.

బొమ్మ ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందో ఆ చరిత్ర బొమ్మ కంటే గొప్పగా వుంటుంది. పిల్లలు పోయినా వాళ్ళ రూపమైనా కళ్ళముందు వుంటుందని ఈ బొమ్మ తల్లి కోసం. కానీ అది ఆమె దగ్గర నిలవలేదు. కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసిన హెన్రీ రసెల్ అనే యువకుడు, దొర చచ్చిపోయాక ఖైరున్నిసాకు దగ్గరయ్యాడు. తర్వాత ఆమెను మచిలీపట్నంలో వదిలేసి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అతనే తర్వాత హైదరాబాదు రెసిడెంటు కూడా అయ్యాడు. ఆమెను వదిలినవాడు ఆమె పిల్లల బొమ్మను వదల్లేదు. అది అతనితోపాటు ఇంగ్లాండు పోయి, స్వాలోఫీల్డ్ అనే అతని బంగళాలో గోడకెక్కింది. సాహెబ్ బేగం, అప్పటికి కిట్టీ, పెద్దదయ్యాక ఒకసారి ఆ ఇంటికి పోయి, గోడ మీద తనను తాను చూసుకొని ఏడ్చేసిందట. రసెల్ తన వీలునామాలో ఆ బొమ్మను ఆమెకు రాశాడు. 1852లో అతను చచ్చిపోయాక ఆమెది ఆమె చేతికి వచ్చింది. అన్న విలియం 1828లోనే పోయాడు. కిట్టీ 1889లో పోయింది. ఆ తర్వాత చేతులు మారి మారి ఆఖరికి హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకింగ్ కార్పొరేషన్ సొత్తయింది. 1865లో చైనా వ్యాపారం కోసం పుట్టిన బ్యాంకు అది. దాని ఆఫీసులు మన హైదరాబాదులోనూ వున్నాయి. మా వాడ పిల్లలు క్యాబుల్లో పోయి రాత్రి డ్యూటీలు చేసొచ్చే అలాంటి అద్దాల మేడల్లోనే.

చూడండి. ఒక బొమ్మ, రెండు వందల యేండ్లు, ఎవరి తర్వాత ఎవరో చెప్పగల వరస. ఉత్తరాలున్నాయి, వీలునామా వుంది, డైరీలున్నాయి. కిట్టీ నలభై దాటుతుండగా, 1841లో, హైదరాబాదులో ఇంకా బతికే వున్న అమ్మమ్మ షరఫున్నిసా ఆచూకీ దొరికింది. మనవరాలు ఇంగ్లీషులో రాసింది, అమ్మమ్మ పారసీలో రాయించింది, మధ్యలో తర్జుమా చేసేవాళ్ళు. కూతురి జుట్టు ముక్క కూడా పంపిందా ముసలామె. ఇవన్నీ చదివితే గుండె కరుగుతుంది. ఖైరున్నిసా దుఃఖాన్ని తక్కువ చేయడం నా వుద్దేశం కాదు. కన్నపిల్లల్ని ఒళ్ళోంచి గుంజుకుపోయిన తల్లి ఆమె. అది ఏ కులపు తల్లికైనా కోతే.

కానీ ఈ బొమ్మ మీద రాసినవన్నీ చదువుతూ పోతే నాకొకటి అర్థమైంది. మూడు ప్రశ్నలే అడుగుతారు. ఇది ఎవరి బొమ్మ? ఎవరు గీశారు? ఎవరి దగ్గర వుంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే విమర్శ పూర్తయినట్టే. ఆ జవాబుల్లో వచ్చే మనుషులంతా జాగీరుదార్లు, బారోనెట్లు, బేగములు, బ్యాంకులు. మూడేండ్ల పిల్లకు జరీబట్టలు తొడిగి, జుట్టు దువ్వి, టోపీ పెట్టి, మద్రాసు వుక్కలో గంటల తరబడి కదలకుండా ఎవరు నిలబెట్టారు? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కనబడలేదు. పిల్లల్ని మద్రాసుకు తీసుకుపోయినవాళ్ళలో రెసిడెన్సీ డాక్టరు భార్య పేరుంటుంది. ఆ దొరసాని స్వయంగా పిల్లల ముక్కు తుడిచిందంటే నేను నమ్మను.

ఈ ప్రశ్న కూడా నాకై నాకు రాలేదు. మా అవ్వ ఇచ్చింది.

పుస్తకంలోని ఆ పేజీని కోఠిలో కలర్ జిరాక్సు తీయించుకొని ఇంటికి తెచ్చుకున్నాను. మా అవ్వ బియ్యం ఏరుతూ చూసింది. "ఎవరి పిల్లలే?" అన్నది. చెప్పాను. కథంతా చెప్పాను. నవాబులు, దొరలు, ఓడ. ఆమె కథ సగం విన్నదో లేదో. బొమ్మనే చూస్తోంది.

"ఈ పిల్ల ఏడ్చి ఏడ్చి ఊకున్నది బిడ్డా. మొఖం కడిగి నిలబెట్టిండ్రు. కడిగినంక గూడ కండ్లు అట్లనే ఉంటయి."

"అవును, పుస్తకంలో కూడా ఏడ్చినట్టుందనే రాశారు" అన్నాను.

"గదిగాదే. అది యాడ జూస్తున్నది? బొమ్మ గీసేటోని దిక్కు జూస్తలేదు. కింద ఎవలో కూసున్నరు. మెట్టు కాడ. అంత చిన్న పిల్ల ఊరికె నిలవడదు. దాని మనిషి దానికి కండ్ల ముందర గూసోవాలె. లేసి పోయిందనుకో, బొబ్బ పెడ్తది. పిలగాడు పెద్దోడు, వానికి సోకు ఎక్కింది, నిలవడ్డడు. ఈ పిల్ల మాత్రం దాని మనిషినే జూస్తున్నది."

నాకు నోట మాట రాలేదు. ఆ దించిన కళ్ళను రాసినవాళ్ళు విషాదం అన్నారు, రాబోయే విడిపోవడానికి ముందస్తు నీడ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మా అవ్వ ముప్పై యేండ్లు ఎవరెవరి పిల్లల్నో కుర్చీల మీద, మెట్ల మీద, స్కూలు బస్సుల ముందర నిలబెట్టిన మనిషి. ఏ పిల్ల ఎప్పుడు ఎటు చూస్తదో ఆమెకు తెలుసు. అది కూడా చదువే కదా. బొమ్మలో చూపు ఎటు పోతోందో చూసి, ఫ్రేము బయట ఎవరున్నారో చెప్పడం విమర్శ కాకపోతే మరేంది?

మా అవ్వ చెప్పింది రుజువు చెయ్యగలవా అని విశ్వవిద్యాలయ మిత్రుడొకాయన అడిగాడు. పిల్ల విషాదంగా వుందని వాళ్ళెట్లా రుజువు చేశారో, ఇదీ అట్లాగే. వాళ్ళూ మొఖం చూసి చెప్పారు, ఈమే మొఖం చూసి చెప్పింది. తేడా ఏంటంటే, ఈమెకు ఆ పని తెలుసు.

చిన్నరీకి అట్లాంటి మనుషులు కనబడలేదా అంటే, బాగా కనబడ్డారు. ఇది నేను తర్వాత తెలుసుకున్న సంగతి, నా కోపాన్ని కొంచెం దారి మళ్ళించిన సంగతి. చిన్నరీ మద్రాసులో, బెంగాల్‌లో పెన్సిలుతో లెక్కలేనన్ని స్కెచ్చులు వేశాడు. గుడిసెలు, పశువులు, నీళ్ళు మోసే మనుషులు. అప్పులకు తాళలేక 1825లో కలకత్తా నుంచి మకావ్‌కు పారిపోయాడు. అక్కడ ముప్పై యేండ్లకు దగ్గరగా బతికి 1852లో పోయాడు. బొమ్మ సొంతదారు రసెల్ పోయిన యేడే. మకావ్‌లో చిన్నరీ వీధి మంగళ్ళను, కమ్మరులను, తినుబండారాలు అమ్ముకునేవాళ్ళను గీశాడు. టాంకా ఆడవాళ్ళను మళ్ళీ మళ్ళీ గీశాడు. టాంకాలంటే పడవల మీదే పుట్టి పడవల మీదే చచ్చే జనం. ఒడ్డు మీది చైనావాళ్ళు వాళ్ళను నీచంగా చూసేవాళ్ళు, వాళ్ళతో వియ్యమందేవాళ్ళు కాదు. అంటే ఒక రకంగా చైనా వెలివాడ. పడవ నడిపే ఆ ఆడమనిషి తలకు గుడ్డ కట్టుకొని నిలబడితే, ఆ నిలబడడంలోని బలాన్ని చిన్నరీ పట్టుకున్నాడు. తన స్కెచ్చుల పక్కన పొట్టిలిపిలో నోట్సు కూడా రాసుకునేవాడు.

కాబట్టి చిత్రకారుడికి కళ్ళు లేక కాదు. 1805లో మద్రాసులో అతని ముందున్నది డబ్బిచ్చి గీయించుకునే బొమ్మ. డబ్బిచ్చినవాడికి కావలసింది తన వంశం, తన పట్టుబట్ట, తన ముత్యాలు. ఎక్కడ ఆపాలో కాన్వాసుకు చెప్పేది కుంచె కాదు, సంచి. స్టూడియో ఫోటోగ్రాఫర్ కూడా మా అవ్వను కావాలని కోసిన దుర్మార్గుడేం కాదు. గిరాకీ చెప్పింది చేసిండు. కళ స్వచ్ఛమైనది, కళాకారుడు కులానికి అతీతుడు అని మనకు పాఠాలు చెప్పేవాళ్ళు ఈ గిరాకీ సంగతి మాట్లాడరు.

ఇక్కడ మన మిత్రులు కొందరు తొందరపడతారు. సరే, మనల్నీ ఫ్రేములోకి తీసుకుంటే అయిపోతుంది కదా అంటారు. అంత తేలిక కాదు. తీసుకున్న బొమ్మలున్నాయి. ఇంగ్లాండు చిత్రకారుడు రేనాల్డ్స్ 1760ల్లో జార్జ్ క్లైవ్ కుటుంబాన్ని గీశాడు. బెర్లిన్ మ్యూజియంలో వుంది. అందులో పాపను పట్టుకొని మన దేశపు ఆయా వుంటుంది. మన హైదరాబాదుకు ఇంకా దగ్గరి బొమ్మ ఒకటుంది, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో. జనరల్ విలియం పామర్, అతని భార్య ఫైజ్ బక్ష్, వాళ్ళ పిల్లలు. 1780ల నాటిది. జోఫానీ గీశాడని కొన్నాళ్ళు, రెనాల్డీ గీశాడని కొన్నాళ్ళు అన్నారు. పూర్తికాని బొమ్మ. ఆ పిల్లల్లోని విలియమే తర్వాత హైదరాబాదులో వడ్డీవ్యాపారం చేసి నిజాం సర్కారును అప్పుల్లో ముంచిన పామర్. ఆ బొమ్మలో ముగ్గురు సేవకురాళ్ళున్నారు. చక్కగా గీశాడు. బొమ్మ కింద దొర పేరుంది, బేగం పేరుంది, పిల్లల పేర్లున్నాయి. బేగం చెల్లెలు ఫలానా అని కూడా గుర్తుపట్టారు. ఆ ముగ్గురూ మాత్రం 'ఆయాలు'. బొమ్మ గీసినవాడు ఎవరా అని ఏండ్ల తరబడి కొట్లాడిన పండితులు ఆ ముగ్గురి గురించి ఒక్కపూటైనా కొట్లాడారా? ఫ్రేములో వుండి పేరు లేకపోవడం, ఫ్రేము బయట వుండి పేరు లేకపోవడం – రెంటిలో ఏది నయమో నాకు తేలలేదు. మా అవ్వను అడిగితే, "వాళ్ళకు ఆ దినం కూలి దొరికిందా లేదా చూడు" అన్నది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మెట్టు దగ్గర కూర్చున్న ఆ మనిషి మాదిగామె అని నేననడం లేదు. నవాబుల జనానాల్లో బాందీలుండేవాళ్ళు, దాయిలుండేవాళ్ళు, ముస్లిం ఆడవాళ్ళే ఎక్కువ. మద్రాసులో తెల్లదొరల ఇళ్ళల్లో వంటమనుషులు, బట్లర్లు, ఆయాలు చాలామంది పరయ కులస్తులు. దొర తినే గొడ్డుమాంసం, దొర తాగే సారా ముట్టుకోనివాళ్ళు ఆ పనికి రారు కదా. మనం అంటరానివాళ్ళమైంది ఏ చేతుల వల్లనో, దొరల పిల్లలు పెరిగింది ఆ చేతుల మీదనే. ఆ పిల్ల మనిషి ఏ కులమైతేనేం, ఏ మతమైతేనేం, ఆమె చేసిన పని నాకు తెలుసు. ఆమెను మా అవ్వకు చుట్టాన్ని చేసేది నెత్తురు కాదు, ఆ పని.

కాలేజీ రోజుల్లో వంతెన దాటగానే చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం వుంటుందని, అటు పక్కన ఇసామియా బజార్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910లోనే మన ఆడపిల్లల కోసం బడి పెట్టాడని నాకు తెలియదు. రెసిడెంటు ప్రేమకథ తెలుసు, పక్క సందులోని మన బడి తెలియదు. ఇది నన్ను ఇప్పటికీ సిగ్గుపడేలా చేసే విషయం. మాదరి భాగయ్యగా పుట్టి, ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి, అక్కడ చదువు పట్టుకొని బయటికొచ్చిన మనిషి ఆయన. ఆ ఇంటి బొమ్మలో ఆయన వుండాలని కోరుకోలేదు. తన మనుషుల కోసం వేరే గోడ కట్టుకున్నాడు. మా గుడిసెలో మాకున్న ఒకే ఒక పోర్ట్రెయిట్ అంబేద్కర్ క్యాలెండరు. 1990 ఏప్రిల్‌లో పార్లమెంటు సెంట్రల్ హాలులో బాబాసాహెబ్ చిత్రపటం పెట్టినప్పుడు మా బస్తీలో మిఠాయి పంచారు. రాజ్యాంగం రాసిన మనిషికి ఆ గోడ మీద చోటు దొరకడానికి నలభై యేండ్లు పట్టింది. గోడ మీద ఎవరుండాలన్నది మనకు అలంకారం సంగతి ఎప్పుడూ కాదు.

యాజమాన్యం అనే మాట దగ్గర ఇంకొంచెం ఆగుతాను. రెండు గజాల కాన్వాసుకు వీలునామా వుంది. మూసీ ఒడ్డున మా మేనత్త ఇంటికి కాగితం లేదు. యాభై యేండ్ల కరెంటు బిల్లులున్నాయి. 2024 సెప్టెంబర్ ఆఖర్లో ఒడ్డు బస్తీల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసిపోయారు. అక్టోబర్ మొదట్లో చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇండ్లు కూలాయి. కొందరికి మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గర డబుల్ బెడ్‌రూము ఇండ్లు ఇచ్చారు. మేనత్త తన గోడ మీద రాత చూసి, "ఇన్నేండ్లకు మన గోడకు గూడ రంగేసిండ్రు" అన్నది. ఆమెకు ఏడవాల్సినప్పుడు నవ్వే జబ్బుంది.

అదే 2024లో, రెసిడెన్సీ వున్న మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో కౌలు పొలం కోసం, పండిన గింజల కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడిన ఐలమ్మ. దొరల మైలబట్టలు వుతికిన కులం. నాకు ఆ వార్త చదవగానే పిల్లవాడి ఎర్ర జామా గుర్తొచ్చింది. ఆ జామాను కూడా ఎవరో వుతికి, జరీ చెడకుండా నీడన ఆరేసి వుంటారు. పేరు మార్చితే అన్నీ మారతాయని కాదు. ఆ భవనంలోకి రేపు నడిచిపోయే పిల్ల, గేటు మీది పేరు చదివి ఈమె ఎవరని అడిగితే చాలు, మేం అడగని ప్రశ్న అడిగినట్టే.

మళ్ళీ ఫోటో దగ్గరికి వస్తాను. బొమ్మలకు రాసినట్టే దానికీ రాస్తాను. తీసింది 1979, మలక్‌పేటలో ఒక స్టూడియో. స్టూడియో ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వుంది. నెగెటివ్ లేదు. ఫ్రేము కట్టిన ఫోటో 1998 దాకా ఆ ఇంటి హాల్లో వుంది. ఇల్లు అపార్టుమెంట్లకు ఇచ్చినప్పుడు పెద్దకొడుకుతో అమెరికా పోయింది. ఫోటోలోని పిల్లవాడికి ఇప్పుడు నలభై దాటాయి. ఎవరి ద్వారానో నా నంబరు పట్టుకొని ఫోన్ చేసి, మా అవ్వ ఎట్లుందని అడిగిండు. ఆ ఫోటో వుందా అన్నాను. వుంది అని, గోడ మీది ఫోటోను ఫోనుతో తీసి పంపిండు. అద్దం మీద వాళ్ళ ఇంటి లైటు పడింది. నాలుగు వేళ్ళూ మాత్రం స్పష్టంగానే వున్నాయి.

దాన్ని పెద్దగా ప్రింటు తీయించి మా అవ్వకిచ్చాను. అద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది. పిల్లవాణ్ణి చూసి నవ్వింది. తర్వాత వేలు పెట్టి చూపించింది.

"ఇవి పచ్చగాజులు. బోనాలప్పుడు ఏసుకున్నవి. ఇండ్ల నల్లగ గనవడుతున్నయి."